టీవీలో వాన, పొలంలో వాన



వానను గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను అడిగారు. చెప్పడానికి నేను వాతావరణ శాస్త్రజ్ఞుణ్ణి కాను. బాపట్ల జిల్లాలో, కృష్ణ పడమటి డెల్టా కాలువల చివర, కొద్దిపాటి మాగాణి వున్నవాణ్ణి. అందులో మూడెకరాలు వయసు మీదపడి కౌలుకిచ్చాను. పొద్దుగూకి కాళ్ళు కడుక్కున్న తర్వాత టీవీ ముందు కూర్చోవడం నాకు అలవాటు. కనుక నేను చెప్పబోయేది ఆకాశంలో పుట్టే వానను గురించి కాదండీ. ఆ వాన కబురు టీవీలో పడి, కేబులు తీగ వెంట నడిచి, మన యింటికి చేరేలోగా యేమైపోతున్నదో, ఆ సంగతి.

2023వ సంవత్సరం మా ప్రాంతపు రైతుకు మొదట నీళ్ళు లేక యేడుపు, చివర నీళ్ళు యెక్కువై యేడుపు. కాలువ చివరి భూములకు తడి అందక, ఇంజన్లు పెట్టి మురుగు కాలువల్లోంచి తోడుకుని చేలు నిలబెట్టుకున్నాం. వేసింది బి.పి.టి. 5204, మీరు సాంబమసూరి అంటారే, ఆ వడ్లు. నవంబరు చివరకు చేను పసుపుతిరిగి, కంకులు వంగి, చూడటానికి కన్నుల పండుగగా వుంది. మా పొలం కౌలుకు చేసే అబ్బాయి నాకు వరసకు కొడుకవుతాడు. డిసెంబరు 2వ తేదీ, శనివారం వుదయం, చేతిలో పుల్ల పట్టుకుని పళ్ళు తోముకుంటూ మా వసారాలోకి వచ్చాడు.

"పెద్దనాన్నా, చేను పండిపోయింది. కూలీలు యివాళ, రేపు దొరికేట్టున్నారు. మళ్ళీ వారం దాకా దొరకరు. కొయ్యమంటావా, ఆగమంటావా?" అన్నాడు.

అతను నన్నెందుకు అడిగాడంటే, నేను నాలుగు అక్షరాలు చదువుకున్నవాణ్ణి, టీవీ చూసేవాణ్ణి, వార్తలు తెలిసినవాణ్ణి అని. ఆ మాట నాకూ గర్వంగానే వుండేది. లోపలికి వెళ్ళి టీవీ పెట్టాను. అంతకు రెండు రోజుల ముందే, నవంబరు 30న, తెలంగాణ శాసనసభకు పోలింగు జరిగింది. ఓట్ల లెక్కింపు ఆదివారం. యే చానెలు తిప్పినా నలుగురు పెద్దమనుషులు బల్లచుట్టూ కూర్చుని యెవరికెన్ని సీట్లు వస్తాయో వాదించుకుంటున్నారు. అడుగున మాత్రం ఒక యెర్ర పట్టీ పరుగెత్తుతున్నది. అందులో బంగాళాఖాతం అన్న మాట, వాయుగుండం అన్న మాట కనిపించాయి. కళ్ళజోడు సవరించుకునేలోగా ఆ పట్టీ బంగారం ధర దగ్గరకు వెళ్ళిపోయింది.

అప్పుడు నా బుర్రలో జరిగిన ఆలోచన యథాతథంగా చెబుతాను. అక్టోబరులో హమూన్ అనే తుఫాను వచ్చింది. టీవీలో ఆకాశం విరిగిపడుతున్నట్టు కేకలు పెట్టారు. అది బంగ్లాదేశ్ వెళ్ళిపోయింది. నవంబరులో మిధిలి అన్నారు. మళ్ళీ అవే కేకలు, అదే గిర్రున తిరిగే యెర్ర బొమ్మ. నవంబరు 17న అదీ బంగ్లాదేశ్‌కే పోయింది. రెండుసార్లు పనలు కప్పుకోవడానికి పరదా పట్టాలు అద్దెకు తెచ్చి, వాడకుండా తిరిగిచ్చినవాళ్ళు మా వూళ్ళో వున్నారు. యిక మూడోసారి నమ్మేదెవరు? "వాళ్ళు రోజూ యిట్లాగే అరుస్తారులే. అదీ పైకే పోతుంది. కోసుకో" అన్నాను.

అతను కోశాడు. శనివారం కొంత, ఆదివారం మధ్యాహ్నానికి మిగిలింది. పనలు ఓదెల మీద ఆరుతున్నాయి.

ఆ ఆదివారం తెల్లవారుజామునే సముద్రంలో వాయుగుండం తుఫానుగా మారింది. దానికి మిచౌంగ్ అని పేరు పెట్టారు. దక్షిణ కోస్తా మీదికే వస్తున్నదని వాతావరణ శాఖవారు ప్రకటనల మీద ప్రకటనలు యిస్తూనే వున్నారు. ఆ శాఖను తప్పు పట్టడానికి నాకు యే కారణమూ కనిపించలేదు. మా యింట్లో టీవీ మాత్రం పొద్దుటినుంచి రాత్రిదాకా ఓట్లు లెక్కపెడుతూ కూర్చుంది. ఒక రాష్ట్రంలో ప్రభుత్వం మారడం చిన్న విషయమా, చెప్పవద్దా అంటారు. చెప్పవలసిందే. పన్నెండు గంటల్లో రెండు నిమిషాలు బాపట్లకు, గుంటూరుకు, కృష్ణకు, నెల్లూరుకు యెన్ని గంటలకు యెంత వాన అని చెప్పడానికి చోటు లేకపోయిందా, అన్నదే నా బాధ. ఆదివారం మధ్యాహ్నం ఆ ముక్క చెవిని పడినట్లయితే, సాయంత్రానికి నలుగురం కలిసి పచ్చిపనలైనా సరే మెరకకు చేర్చి కుప్ప వేసి, పట్టాలు కప్పి వుండేవాళ్ళం. రైతుకు కావలసింది ఒక్క పూట. ఆ పూటే పోయింది.

మధ్యాహ్నం మూడింటికి గాలి వాలు మారినట్టనిపించి నాకు అనుమానం వేసింది. దూరదర్శన్ వారి సప్తగిరి చానెలులో ప్రాంతీయ వార్తల్లో వాతావరణం జిల్లాలవారీగా చెబుతారు కదా, అది పెడదామని నెంబరు నొక్కాను. ఆ నెంబరులో సినిమా పాటలు వస్తున్నాయి. అటూ యిటూ యిరవై నెంబర్లు తిప్పాను. భక్తి వచ్చింది, వంట వచ్చింది, నగలు అమ్మే వాళ్ళు వచ్చారు. రైతులకోసం పెట్టిన కిసాన్ చానెలు యెక్కడో ఐదువందల చిల్లర నెంబరులో దొరికింది. దాన్ని నొక్కితే, మీ ప్యాకులో యీ చానెలు లేదు అని యింగ్లీషులో ఒక చీటీ కనిపించింది. కేబులు కుర్రవాడికి ఫోను చేశాను.

"బాబాయి గారూ, ఆ చానెళ్ళు యెవరు చూస్తున్నారండీ యీ రోజుల్లో! మొన్న పై నుంచి నెంబర్లు మార్చారు. మీ డబ్బాలో రావడం లేదేమో, రేపు చూస్తాను" అన్నాడు.

"అవి చూపించి తీరాలని చట్టం వుంది కదయ్యా!" అన్నాను.

"చట్టం సంగతి నాకు తెలవదండీ. పై వాళ్ళు యేది వదిలితే నాకు అది వస్తుంది."

యీ 'పై వాళ్ళు' యెవరో చాలామందికి తెలియదు. నాకూ ఆ తర్వాతనే తెలిసింది. మన వీధిలో స్తంభం యెక్కి తీగ లాగే కుర్రవాడు చివరి మనిషి. అతని పైన పట్టణంలోనో, జిల్లా కేంద్రంలోనో పెద్ద కేబులు సంస్థ వుంటుంది. ఉపగ్రహాలనుంచి దిగే చానెళ్ళన్నిటినీ ఆ సంస్థ గొడుగులతో పట్టి, ఒకచోట కలిపి, తాళం వేసి, తీగలో వదులుతుంది. ఆ తాళం తీసే చెవి మన టీవీ కింద వుండే డబ్బాలో వుంటుంది. యే యింటి డబ్బాకు యే తాళం తెరుచుకోవాలో పై నుంచే నిర్ణయిస్తారు. యే చానెలుకు యే నెంబరు యివ్వాలో వాళ్ళదే నిర్ణయం. సంత ముందు వరస కొట్లకూ సందు చివరి కొట్లకూ యెంత తేడానో, వందలోపు నెంబరుకూ ఆరువందల నెంబరుకూ అంత తేడా. కొన్ని చానెళ్ళు తమను చూపించినందుకు కేబులు సంస్థకు యెదురు రుసుము కూడా చెల్లిస్తాయి. వానను గురించి చెప్పేవాడు అట్లాంటి రుసుము కట్టడు. కట్టవలసిన అవసరమూ లేదు. కేబులు వ్యవహారాలకు 1995లో చేసిన చట్టం ప్రకారం, ప్రభుత్వం నిర్ణయించిన దూరదర్శన్ చానెళ్ళను ప్రతి కేబులువాడూ తప్పక చూపించాలి. కాగితం మీద అది వుంది. మా డబ్బాలో లేదు.

తర్వాత 2019 ఫిబ్రవరి 1నుంచి యింకొక పద్ధతి వచ్చింది. నూరు చానెళ్ళకు 130 రూపాయలు, పైన పన్ను, యిక డబ్బు చానెళ్ళలో యెవరికి కావలసినవి వాళ్ళు యేరుకోవచ్చు అన్నారు. మంచి పద్ధతే అనుకున్నాం. అంగట్లోకి వెళ్ళి వంకాయలు యేరుకున్నట్టు చానెళ్ళు యేరుకోవచ్చు గదా అని. మా వూళ్ళో మాత్రం యెవరూ యేరుకున్నది లేదు. కుర్రవాడు ఒక కట్ట చూపించి "అందరూ యిదే తీసుకుంటున్నారండీ" అన్నాడు. అందరం అదే తీసుకున్నాం. అందులో యేమేమి వున్నాయో ఒక్కరమూ చదవలేదు. యీ విషయంలో మన తప్పు లేదనను. ఎరువు బస్తా మీద అంకెలు చదివి కొనేవాళ్ళం, దీన్ని మాత్రం కళ్ళు మూసుకుని కొన్నాం.

కేబులు చేతిలో యెంత బలం వుందో రెండు సందర్భాల్లో లోకానికి తెలిసింది. 2014లో తెలంగాణలోనూ, 2024లో ఆంధ్ర ప్రదేశ్‌లోనూ కొన్ని వార్తా చానెళ్ళు కేబులులో వున్నట్టుండి మాయమైపోయాయి. వ్యవహారం కోర్టుల దాకా వెళ్ళింది. ఆ రాజకీయాల జోలికి మనం పోవద్దు. పెద్ద పెద్ద చానెళ్ళే ఒక్క రాత్రిలో మాయం కాగలిగినప్పుడు, వాన కబురు చెప్పే చానెలు మాయమైతే అడిగే నాథుడెవరు అన్నంతవరకే నేను చెప్పేది.

సరే, కథలోకి వస్తాను. సోమవారం తెల్లవారేసరికి వాన అందుకుంది. అప్పుడు టీవీవారికి తుఫాను జ్ఞాపకం వచ్చింది. వచ్చి, చెన్నై వెళ్ళారు. ఆ రోజు చెన్నై మునిగిన మాట నిజం. విమానాశ్రయంలో నీళ్ళు, వీధుల్లో కొట్టుకుపోతున్న కార్లు, అవి చూపించారు. అవే మళ్ళీ చూపించారు. మధ్యాహ్నం దాకా ఒకే కారు కనీసం పదిసార్లు కొట్టుకుపోవడం నేను చూశాను. నా ముందు కూర్చున్న కౌలు అబ్బాయి కూడా చూశాడు. అతను ఒక్క మాట మాట్లాడలేదు. ఒక చానెలువారు వాతావరణ శాఖ అధికారి ఒకాయనను ఫోనులో పిలిచారు. ఆయన నిదానంగా, యే యే జిల్లాలకు యేమిటి అని చెప్పడం మొదలుపెట్టారు. మధ్యలో వార్తలు చదివే అమ్మాయి అడ్డుపడి, "అంటే ప్రమాదం వుందంటారా, లేదంటారా?" అని అడిగింది. ఆయన మళ్ళీ మొదలుపెట్టేలోగా ప్రకటనలు వచ్చాయి. సాయంత్రానికి కరెంటు పోయింది. టీవీ మూగబోయింది. అటక మీది పాత రేడియో దింపి, బ్యాటరీలు వేసి, అబ్బాయీ నేనూ దానికి చెరొకవైపు కూర్చున్నాం.

మంగళవారం, డిసెంబరు 5న, మధ్యాహ్నం పన్నెండున్నరకూ రెండున్నరకూ మధ్య, గంటకు 90నుంచి 100 కిలోమీటర్ల గాలితో తుఫాను బాపట్లకు దక్షిణంగా తీరం దాటింది. మా పొలంలో ఓదెల మీద వున్న పనలు నీళ్ళమీద తేలుతూ గట్టువరకు వచ్చి ఆగిపోయాయి. నాలుగు రోజులకు నీళ్ళు తీశాక, లీటరుకు యాభై గ్రాముల చొప్పున ఉప్పు కలిపి పనల మీద చల్లాం. మొలక ఆగడానికి అది చాలావరకు పనిచేస్తుంది, గానీ వెంటనే చల్లాలి. మేము నాలుగు రోజులకు చల్లాం. సగం కంకులకు అప్పటికే తెల్లని మొలకలు. మిగిలిన వడ్లు రంగు మారాయి. కొనేవాడు గుప్పెట్లోకి తీసుకుని, వాసన చూసి, తల అడ్డంగా వూపాడు. ఆ యేడు కౌలులో సగం నేను వదిలేశాను. దాన్ని దానం అనకండి. శనివారం వుదయం నా నోటినుంచి వచ్చిన మాటకు నాకు నేను వేసుకున్న జరిమానా అది.

మిగతా సగం కౌలు ఆ అబ్బాయి అప్పు చేసి కట్టాడు. ఆ సంగతి నాకు సంక్రాంతి తర్వాత తెలిసింది.

ఆ తర్వాత నేను చేసిన పని యేమిటంటే, వాతావరణ శాఖవారి ప్రకటనలు చదవడం నేర్చుకున్నాను. అందులో ప్రతి మాటకూ ఒక కొలత వుందండీ. టీవీవారు ఆ కొలత తీసేసి మాట మాత్రం మనకు విసురుతారు. యీ కొలతలు నాకు యెవరైనా ముందే చెప్పివుంటే బాగుండేది గనుక, మీకు కొంచెం వివరంగా చెబుతాను.

మొదట గాలి. సముద్రంలో గాలి గంటకు 31 కిలోమీటర్లు దాటనంతవరకు దాన్ని అల్పపీడనం అంటారు. 31నుంచి 49 దాకా వాయుగుండం. 50నుంచి 61 దాకా తీవ్ర వాయుగుండం. 62 దాటితేనే తుఫాను, 89 దాటితే తీవ్ర తుఫాను. టీవీవారు అల్పపీడనం పుట్టిన రోజునే తుఫాను బొమ్మ వేసి తిప్పుతారు. దానితో అసలు తుఫాను వచ్చేసరికి చెప్పడానికి వాళ్ళకు మాట మిగలదు, వినడానికి మనకు ఓపిక మిగలదు.

యిక వాన. "భారీ వర్షం" అని ఎవరి నోటికి వచ్చినట్టు వారు అంటారు గాని, శాఖవారి లెక్కలో అది 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లనుంచి 115.5 దాకా కురిసే వాన. 115.6నుంచి 204.4 దాకా అతి భారీ వర్షం. అది కూడా దాటితే అత్యంత భారీ. యీ 24 గంటలు పొద్దున యెనిమిదిన్నరనుంచి మర్నాడు పొద్దున యెనిమిదిన్నర దాకా. ఒక మిల్లీమీటరు వాన ఎకరం నేలమీద పడిందంటే నాలుగువేల లీటర్ల నీళ్ళు పడ్డట్టు. నూరు మిల్లీమీటర్లంటే నాలుగు లక్షల లీటర్లు. మీ మురుగు బోదె వెడల్పు యెంతో మీకు తెలుసు. ఆ నీళ్ళు యెన్నాళ్ళకు పోతాయో మీరే లెక్క వేసుకోవచ్చు. అందుకే నేను మిల్లీమీటర్లు చెప్పమని అడుగుతున్నది. భారీ అంటే నాకు భయం మాత్రమే తెలుస్తుంది. అంకె చెబితే గట్టు యెక్కడ తెగ్గొట్టాలో తెలుస్తుంది.

మూడోది, మనమందరం నవ్వుకునే మాట: "ఒకటి రెండు చోట్ల". యేళ్ళతరబడి నేను కూడా దీన్ని తప్పించుకునే మాట అనుకున్నాను. వాన పడితే చెప్పామంటారు, పడకపోతే ఒకటి రెండు చోట్లే అన్నాం గదా అంటారు, అనుకునేవాణ్ణి. దీనికీ కొలత వుంది. ఆ ప్రాంతంలో వున్న వాన కొలిచే కేంద్రాలలో నూటికి పాతిక లేక అంతకు తక్కువ వాటిలో వాన పడే అవకాశం వుంటే ఒకటి రెండు చోట్ల. 26నుంచి 50 దాకా అయితే కొన్ని చోట్ల. 51నుంచి 75 దాకా చాలా చోట్ల. అంతకు మించితే దాదాపు అన్ని చోట్లా. కోత కోసే రైతుకు "ఒకటి రెండు చోట్ల"కూ "చాలా చోట్ల"కూ వున్న తేడా, కూలీలను పిలవడానికీ మానుకోవడానికీ వున్న తేడా. టీవీ పట్టీలో మొదట కోసేసేది యీ ముక్కనే.

రంగుల సంగతి కూడా చెప్పి వదిలేస్తాను. పసుపు అంటే కనిపెట్టి వుండమని. నారింజ అంటే సిద్ధంగా వుండమని. యెరుపు అంటే యిక లేచి పని చెయ్యమని. టీవీలో అన్నీ యెరుపే.

టీవీ అనే సాధనం మొదట మనకోసమే పల్లెల్లోకి వచ్చిందంటే యీ కాలపు పిల్లలు నమ్మరు. ఢిల్లీలో 1967 జనవరి 26న కృషిదర్శన్ కార్యక్రమం మొదలైంది, చుట్టుపట్ల పల్లెల రైతులకోసం. 1975 ఆగస్టు నుంచి ఒక సంవత్సరం పాటు అమెరికావారి ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ చూపించారు. ఆంధ్ర ప్రదేశ్ పల్లెలు కూడా అందులో వున్నాయి. వూరందరికీ ఒకటే టీవీ. సాయంత్రం జనమంతా చేరి, వ్యవసాయం చూసి, ఆరోగ్యం చూసి వెళ్ళేవారు. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. నెల తిరగకుండానే, నవంబరు 19న, దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడి వేలాదిమందిని తీసుకుపోయింది. ఆనాడు ఆ పల్లెల్లో టీవీ అన్న మాటే లేదు, రేడియో కూడా యే కొద్ది యిళ్ళలోనో. కబురు అందక పోయారు ఆ మనుషులు. యివాళ ప్రతి యింట్లో టీవీ వుంది, ప్రతి జేబులో ఫోను వుంది, మచిలీపట్నంలో, విశాఖపట్నంలో మేఘాన్ని పసిగట్టే రాడార్లున్నాయి. కబురు మన గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాలేక, బయట నిలబడుతున్నది.

రేడియోలో మాట్లాడుతూ టీవీని తిడుతున్నానని మీరు అనుకోవచ్చు. రేడియోకూ ఒక మాట చెల్లించేస్తాను. "రాగల 24 గంటలలో" అని మొదలుపెట్టి రోజూ ఒకే గొంతుతో, ఒకే తూగుతో చదివితే, వింటూ వింటూనే మనిషి నిద్రపోతాడు. అది కూడా కబురు అందకపోవడమే. టీవీవారి విలేఖరులు పెద్ద తుఫానుల్లో వానలో తడుస్తూ, గాలికి నిలవలేక, స్తంభం పట్టుకుని చెప్పిన సందర్భాలు వున్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడ్డప్పుడు ఆ వూరి అవస్థ బయటివాళ్ళకు తెలిసిందంటే అట్లాంటి వాళ్ళవల్లనే. జరిగింది చూపించడంలో వాళ్ళు ఘనులు. జరగబోయేది చెప్పడానికి మాత్రం బొమ్మ దొరకదు. రేపు పడబోయే వానకు యివాళ బొమ్మ యెక్కడనుంచి తెస్తారు పాపం! అందుకే సముద్రాన్ని గిర్రున తిప్పుతారు.

నేను ఆ కుర్రవాణ్ణి వదల్లేదు. తుఫాను పోయిన మర్నాడే అతను నిచ్చెన భుజాన వేసుకుని తెగిన తీగలు అతుకుతూ కనిపించాడు. రెండు రోజులు తిండి సరిగా లేదట. అతన్ని తిట్టబుద్ధి కాలేదు. యింటికి పిలిచి మజ్జిగ యిచ్చి, ఒక కాగితం చేతిలో పెట్టాను. సప్తగిరి, కిసాన్ చానెళ్ళు మా వీధి డబ్బాలన్నిటిలో రావాలని, రాకపోతే చట్టప్రకారం పై వాళ్ళ ఫిర్యాదుల అధికారికి రాస్తామని, ఆ కాగితం మీద మా వీధివాళ్ళం పదహారుమందిమి సంతకాలు పెట్టాం. కుర్రవాడు చదివి, "యిది మంచిదేనండీ బాబాయి గారూ, నేనొక్కణ్ణి అడిగితే వాళ్ళు వినరు. యిది చూపిస్తాను" అన్నాడు. మూడు వారాలు పట్టింది. సంక్రాంతి ముందు చానెళ్ళు వచ్చాయి. అవి ఫలానా నెంబరు అని టీవీ అంచున సుద్దముక్కతో రాసిపెట్టుకున్నాం. నెంబరు యిప్పటికి రెండుసార్లు మారింది. సుద్దముక్క అక్కడే వుంచాం.

మా తమ్ముడి కొడుకు మాత్రం యీ తగువు మనకెందుకని కేబులు తీసేసి, దూరదర్శన్ వారి ఫ్రీ డిష్ పెట్టించుకున్నాడు. గొడుగుకూ డబ్బాకూ ఒకసారి ఖర్చు, తర్వాత నెలనెలా కట్టేది లేదు. సీరియల్సు పోయాయని వాళ్ళ ఆవిడ పదిహేను రోజులు అలిగింది. యే యింటి సంగతి ఆ యింటివాళ్ళే చూసుకోవాలి.

కౌలు అబ్బాయి ఫోనులో మేఘదూత్ పెట్టించుకున్నాడు. అది 2019లో వచ్చింది, తెలుగులోనూ చూసుకోవచ్చు. జిల్లాకు రాబోయే వాన, గాలి, దానికి తగిన పంట సలహా అందులో వస్తాయి. ఆ సలహాలు మంగళవారం, శుక్రవారం యిస్తారు. 2023 డిసెంబరు 1వ తేదీ శుక్రవారమే నన్న సంగతి నాకు తర్వాత క్యాలెండరు చూస్తే తట్టింది. మేము కోత మొదలుపెట్టడానికి సరిగ్గా ఒక రోజు ముందు. అడగవలసిన చోట అడగకుండా, టీవీ అడుగున పరుగెత్తే పట్టీని అడిగాను నేను.

2025 అక్టోబరులో మళ్ళీ వచ్చింది. యీసారి పేరు మొంథా. టీవీలో యథాప్రకారం గిర్రున తిప్పారు. మేము సుద్దతో రాసుకున్న నెంబరు పెట్టాం, రేడియోలో కొత్త బ్యాటరీలు వేశాం, ఫోనులో అంకెలు చూశాం. మా చేను అప్పటికి ఈనిక మీద వుంది. కోతా లేదు, కుప్పా లేదు. చేయగలిగిందల్లా నీళ్ళు తీసెయ్యడమే. ముందు రోజే గట్లకు గండ్లు కొట్టి, మురుగు బోదెలో తూడు లాగి, వున్న నీళ్ళన్నీ దించేశాం. అక్టోబరు 28 రాత్రి అది నరసాపురం దగ్గర తీరం దాటింది. చేను కొంత వాలింది. వాలింది వాలగా మిగిలింది యింటికి వచ్చింది.

ఆ తర్వాత నవంబరు చివరలో, కోతల ముందు, అబ్బాయి మళ్ళీ వసారాలోకి వచ్చాడు. యీసారి చేతిలో ఫోను వుంది.

"పెద్దనాన్నా, ఒకటి రెండు చోట్ల తేలికపాటి అంటున్నారు. అంటే నూటికి పాతికలోపే గదా?"

"అవును."

"ఆ పాతికలో మన చేను వుందంటావా?"

"అది చెప్పే యంత్రం యింకా రాలేదురా" అన్నాను.

నవ్వి, కూలీలకు ఫోను చేసుకుంటూ వెళ్ళాడు. సగం చేను కోయించాడు, సగం వుంచాడు.